ముహమ్మద్ అలీ పర్‌నానా ఊరు

2009 సెప్టెంబర్ 1న ఐర్లాండ్ పడమటి వైపున్న ఎన్నిస్ అనే చిన్న పట్టణంలో జనం వీధుల వెంట బారులు తీరారు. వచ్చిన మెహమాన్ బాక్సింగ్ బాద్‌షా ముహమ్మద్ అలీ. పార్కిన్సన్స్ జబ్బుతో అప్పటికే మాట బాగా తగ్గిపోయింది. అయినా అంత దూరం వచ్చాడు. ఆ పట్టణంలోని టర్న్‌పైక్ రోడ్డు నుంచి 1860లలో ఏబ్ గ్రేడీ అనే మనిషి ఓడెక్కి అమెరికా వెళ్ళాడు. కెంటకీలో స్థిరపడి, గులామీ నుంచి బయటపడిన ఒక నల్లజాతి స్త్రీని పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకు జాన్. జాన్ బిడ్డ ఒడెస్సా. ఒడెస్సా కొడుకు కాసియస్ క్లే, అంటే తర్వాతి ముహమ్మద్ అలీ. మన ఇళ్ళ లెక్కలో ఏబ్ గ్రేడీ అలీకి పర్‌నానా. ఎన్నిస్ పట్టణం ఇచ్చిన మొట్టమొదటి గౌరవ పౌరసత్వం ఆ రోజు అలీకే దక్కింది.

ఈ కహానీకి ఇంకో సగం ఉంది. అలీ నసబ్‌లో ఐరిష్ కొమ్మ ఒక వీధి పేరు దాకా దొరికింది. గులామీలో నలిగిన కొమ్మలను అలా వెతకబోతే దారిలో పెద్ద గోడ అడ్డం వస్తుంది. 1850, 1860 అమెరికా జనగణనల్లో గులాముల పేర్లు రాయలేదు. యజమాని పేరు రాసి, దాని కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాశారు, అంతే. వాళ్ళందరి పేర్లూ జనగణనలోకి ఎక్కింది 1870లో. ఒకే మనిషి షజరాలో ఒక వైపు చిరాగ్ వెలుగుతుంటే ఇంకో వైపు చీకటి.

ఖాందాన్ తవారీఖ్ వెతకడానికి కూర్చున్న ఎవరికైనా మూడు సవాళ్ళు ఎదురవుతాయి. ఎవరి పేరు దఫ్తర్‌లోకి ఎక్కింది? ఎవరి పేరు ఎక్కలేదు? ఎక్కిన కాగితం తర్వాత ఏమైంది? ఈ మూడింటికీ ఐర్లాండ్ పెద్ద మదరసా లాంటిది. అందుకే ఆ దేశం గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం.

పేరులోనే పుర్వీకులు

ఐరిష్ ఇంటిపేర్ల ముందుండే 'మాక్' అంటే కొడుకు. 'ఓ' అంటే మనవడు, ఆ వంశం వాడు. అరబ్బీలో 'ఇబ్న్' ఎలాగో ఇదీ అలాగే. ఓబ్రయన్ అంటే బ్రయన్ సంతతి. ఆడపిల్లలకైతే ఐరిష్ భాషలో 'నీ', 'నిక్' అని వేరే మాటలున్నాయి. ఇంకో ముచ్చట వింటే మనకు తాజ్జుబ్ కలుగుతుంది. మన దగ్గర గులాం రసూల్, గులాం మొహియుద్దీన్ అని పేర్లు పెట్టుకున్నట్టే, వాళ్ళూ తమ సెయింట్ల పేరుకు ముందు 'గిల్లా' అని చేర్చుకునేవాళ్ళు. గిల్లా అంటే సేవకుడు. 'మాక్ గిల్లా పాట్రిక్' అంటే పాట్రిక్ సేవకుడి కొడుకు. ఆ పేరే ఇంగ్లీషోళ్ళ నోట్లో పడి ఫిట్జ్‌పాట్రిక్ అయింది.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషు హుకూమత్‌లో రాసేవాడు ఇంగ్లీషోడు, చెప్పేవాడు ఐరిష్ రైతు. చెవికి వినపడ్డట్టు రాసుకున్నారు. ఓసలివన్ ముందున్న 'ఓ' రాలిపోయి సలివన్ మిగిలాడు. 'మాక్ ఆన్ గావన్' అంటే కమ్మరి కొడుకు. ఆ ఇంటివాళ్ళు కొన్ని చోట్ల మెగవన్ అయ్యారు, కొన్ని చోట్ల ఏకంగా స్మిత్ అయిపోయారు. షేక్ అనే మాటను ఒక సర్టిఫికెట్‌లో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా రాస్తే మనం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరుగుతామో మనకు తెలియంది కాదు. ఐరిష్ షజరా వెతికేవాళ్ళు అందుకే అక్షరాలను నమ్మరు. పలుకును పట్టుకుని వెతుకుతారు.

వాళ్ళకూ ఇల్మె అన్సాబ్ ఉండేది. వంశాలను గుర్తుపెట్టుకోవడమే వృత్తిగా బతికిన ఖాందాన్‌లు ఉండేవి. వాళ్ళలో చివరి ఉస్తాద్‌లలో ఒకడైన డువల్టాక్ మాక్ ఫిర్బిసీ 1649-50లలో, యుద్ధం ముంచుకొస్తున్న కాలంలో, గాల్వే పట్టణంలో కూర్చుని 'లౌర్ నా నెనలాక్' అనే వంశావళుల మహాగ్రంథం రాశాడు. 1671లో స్లైగో ప్రాంతంలో హత్యకు గురయ్యాడు. ఆయన రాసింది రాజుల, సర్దార్ల షజరాలు. వాళ్ళ పొలం దున్నిన గరీబు పేరు అందులో ఉండదు. ఆ పేరు కావాలంటే సర్కారీ దఫ్తర్‌లకే వెళ్ళాలి.

దఫ్తర్ కాలిన రోజు

ఆ దఫ్తర్ డబ్లిన్‌లో 'ఫోర్ కోర్ట్స్' అనే న్యాయస్థానాల ప్రాంగణంలో ఉండేది. ఏడు వందల ఏళ్ళ దస్తావేజులు అక్కడ ఒకే కప్పు కింద చేరాయి. వీలునామాలు, జనగణన పుస్తకాలు, చర్చి రిజిస్టర్లు, కోర్టు తీర్పులు. ఇంగ్లాండుతో కుదిరిన ఒప్పందం మీద 1922లో ఐరిష్ వాళ్ళే రెండుగా చీలిపోయారు. ఒప్పందాన్ని వ్యతిరేకించిన దళం ఆ ఏప్రిల్‌లో ఫోర్ కోర్ట్స్‌ను ఆక్రమించింది. జూన్ 28న కొత్త ప్రభుత్వ సైన్యం ఫిరంగులు పేల్చింది. 30న పెద్ద విస్ఫోటనం, మంటలు. కాలిన కాగితపు ముక్కలు గాలికి లేచి, నగరం దాటి, సముద్రం ఒడ్డున ఉన్న హౌత్ కొండ దాకా వెళ్ళి రాలాయి. అన్నదమ్ముల జగడంలో కాలిపోయింది ఇద్దరి తాతల పేర్లూ.

అయితే తప్పంతా ఆ మంటలదే అనుకుంటే అది సగం నిజం. 1821 నుంచి 1851 దాకా నాలుగు జనగణనలు, కొన్ని తునకలు తప్ప, ఆ మంటల్లోనే పోయాయి. 1861, 1871 జనగణన కాగితాలను మాత్రం లెక్కలు తీసుకున్నాక సర్కారే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చిత్తుకాగితం కింద గుజ్జయ్యాయి. దస్తావేజులను మంట ఒక్కరోజులో తింటుంది, బేపర్వా దశాబ్దాల పాటు తింటుంది.

మంటకు మూడేళ్ళ ముందే, 1919లో, ఆ దఫ్తర్ అధికారి హెర్బర్ట్ వుడ్ అక్కడ ఏమేం ఉన్నాయో ఒక పుస్తకంగా అచ్చువేశాడు. మంట తర్వాత అదే పోయినవాటి జాబితా అయింది. నూరేళ్ళకు, 2022 జూన్‌లో, డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పండితుల నాయకత్వంలో ఒక కొత్త ఖజానా ఇంటర్నెట్‌లో తెరుచుకుంది. కాలిపోయిన దస్తావేజుల నకళ్ళు వేరే లైబ్రరీల్లో, వేరే దేశాల్లో ఎక్కడెక్కడ మిగిలాయో వెతికి, ఆ దఫ్తర్‌ను కంప్యూటర్‌లో మళ్ళీ నిలబెడుతున్నారు. ఎప్పుడో ఎవరో తన పని కోసం రాసుకున్న నకలే ఇప్పుడు అసలు.

పింఛను కోసం వెతికిన పేరు

నాకు ఈ మొత్తం తవారీఖ్‌లో గుండెకు తాకేది వృద్ధాప్య పింఛను సంగతి. 1909 జనవరి నుంచి 70 ఏళ్ళు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల దాకా ఇవ్వడం మొదలైంది. కానీ వయసుకు సబూత్ ఏది? ఐర్లాండ్‌లో పుట్టుకలన్నీ సర్కారు దగ్గర నమోదు కావడం మొదలైంది 1864లో. 1909లో 70 ఏళ్ళున్నవాళ్ళు అంతకు పాతికేళ్ళ ముందే పుట్టారు. వాళ్ళ దగ్గర కాగితం ముక్క లేదు.

అప్పుడు చాలామంది చెప్పిన గవాహీ ఒకటే: "పెద్దగాలి రాత్రి నాకు గుర్తుంది." 1839 జనవరి 6 రాత్రి ఐర్లాండ్ మీద భయంకరమైన తుఫాను విరుచుకుపడింది. ఆ రాత్రి గుర్తుందంటే 70 దాటినట్టే లెక్క. మన దాదీలూ అంతే కదా. తుగ్యానీ నాటికి పాలు తాగే పిల్లనని, పోలీస్ యాక్షన్ నాటికి పెళ్ళయిందని, దివిసీమ ఉప్పెన ఏడు పెద్దోడు పుట్టాడని చెప్తారు. తుగ్యానీ అంటే 1908 మూసీ వరద. పోలీస్ యాక్షన్ 1948. దివిసీమ ఉప్పెన 1977. కాగితం లేని మనిషికి తుఫానే జంత్రీ.

గుర్తు చాలదన్నప్పుడు ఇంకో దారి ఉండేది. ముసలాయన తన అమ్మానాన్నల పేర్లు, ఊరి పేరు రాసి దరఖాస్తు పెడితే, డబ్లిన్ దఫ్తర్ గుమాస్తా 1841, 1851 జనగణన పుస్తకాలు తిరగేసి, ఆ ఇంట్లో ఆ పిల్లవాడు ఎన్నేళ్ళవాడిగా ఉన్నాడో ఫారం మీద రాసి పెట్టేవాడు. పదమూడేళ్ళకు ఆ జనగణన పుస్తకాలు కాలిపోయాయి. దరఖాస్తు ఫారాలు మిగిలాయి! 5 షిల్లింగుల కోసం వణికే చేతులతో అర్జీ పెట్టుకున్న ముసలివాళ్ళ వల్లే, కాలిపోయిన జనగణనలోని ఎన్నో ఇళ్ళు ఇవాళ మనకు కనిపిస్తున్నాయి. గొప్పింటి వీలునామాలు బూడిదైన చోట గరీబు దరఖాస్తు గవాహీగా నిలిచింది.

పూర్తిగా మిగిలిన పాత జనగణనలు 1901, 1911వి. ఐర్లాండ్ జాతీయ దఫ్తర్ రెండింటినీ ముఫ్త్‌గా అందరికీ తెరిచి పెట్టింది. 1911 ఫారంలో పెళ్ళయిన స్త్రీల గురించి ఒక గడి ఉంది: పుట్టిన పిల్లలు ఎందరు, బతికున్నవాళ్ళు ఎందరు. ఏ చరిత్ర పుస్తకంలోనూ లేని ఒక అమ్మ గమ్ ఆ రెండు అంకెల మధ్య తేడాలో ఉంటుంది. ఈ రెండు జనగణనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. పదేళ్ళలో చాలామందికి పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు వయసు పెరిగిపోతుంది. మధ్యలో పింఛను వచ్చింది మరి!

వాళ్ళ పహాణీ, వాళ్ళ సేత్వార్

జనగణన లేని చోట జమీన్ కాగితాలే దిక్కు. తెలంగాణ రైతుకు పహాణీ, సేత్వార్ ఎంతో, ఐరిష్ షజరా వెతికేవాళ్ళకు 'గ్రిఫిత్ వాల్యుయేషన్' అంత. రిచర్డ్ గ్రిఫిత్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో దేశమంతా తిరిగి ప్రతి ఇంటికీ, పొలానికీ పన్ను కోసం విలువ కట్టారు. 1847 నుంచి 1864 దాకా దాన్ని అచ్చువేశారు. సాగుచేసేవాడి పేరు, అతను శిస్తు కట్టే భూస్వామి పేరు, విస్తీర్ణం, విలువ, పటంలో నంబరు, అన్నీ ఉంటాయి. ఒకే ఊళ్ళో ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే పక్కన తండ్రి పేరో, ముద్దుపేరో రాశారు. మన దగ్గర పెద్ద మస్తాన్, చిన్న మస్తాన్ అన్నట్టు. తర్వాత పొలం చేతులు మారిన కొద్దీ పాత పేరు కొట్టేసి కొత్త పేరు రంగు సిరాలతో రాసిన పుస్తకాలూ ఉన్నాయి. తండ్రి పోయాడా, ఊరు వదిలాడా అన్నది ఒక్కోసారి ఆ కొట్టివేత గీతే చెప్తుంది.

ఈ పుస్తకం అచ్చయిన సంవత్సరాలు గమనించండి. 1845 నుంచి ఆలుగడ్డ పంటకు తెగులు తగిలి మహా కరువు పడింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి జనం దేశం విడిచి హిజ్రత్ చేశారు. 1841లో 81 లక్షల పైనున్న జనాభా 1851 నాటికి 65 లక్షల చిల్లరకు పడిపోయింది. గ్రిఫిత్‌లో ఒక ఇంటి పేరు లేదంటే ఆ ఇల్లు ఎప్పుడూ లేదని కాదు. లెక్క రాసేవాడు వచ్చేసరికి ఖాళీ అయిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు కరువుకు ముందు, 1823 నుంచి 1830ల చివరి దాకా, చర్చి పన్ను కోసం రాసిన పుస్తకాలు చూస్తారు. రెండింటినీ కలిపి చదివితే కరువు ఏ ఊళ్ళో ఎవరిని ఊడ్చేసిందో తెలుస్తుంది.

ఊరి పేరు లేకుండా ఇదంతా కుదరదు. అక్కడ 'టౌన్‌ల్యాండ్' అనే చిన్న చిన్న ఊరి హద్దులు 60 వేలకు పైగా ఉన్నాయి. పేరు మొదట్లో 'బాలీ' ఉంటే ఊరు, 'కిల్' ఉంటే చాలాచోట్ల చర్చి, 'నాక్' ఉంటే కొండ. మన పల్లి, పేట, బాద్‌ల లాంటివే. 1937-39లలో బడిపిల్లల చేత ఒక అజబ్ పని చేయించారు. సుమారు 5,000 బడుల పిల్లలు తమ ఇంటి ముసలివాళ్ళను అడిగి ఊరి కథలు, కరువు యాదులు, పాడుబడ్డ ఇళ్ళ పేర్లు నోట్‌బుక్కుల్లో రాశారు. ఆ రాతలన్నీ ఇవాళ ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. సర్కారీ కాగితం పేరు ఇస్తుంది, ఊరి యాది ఆ పేరుకు ముఖం ఇస్తుంది.

అమ్మ పుట్టింటి పేరు

జమీన్ కాగితాల్లో ఎక్కువగా మగవాళ్ళే. ఆడవాళ్ళు కనిపించినా చాలావరకు బేవాలుగా. ఆడవాళ్ళను వెతకాలంటే చర్చి రిజిస్టర్లు చూడాలి. కాథలిక్ రిజిస్టర్లను ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం 2015 జూలైలో ముఫ్త్‌గా అందుబాటులోకి తెచ్చింది. బిడ్డ బాప్టిజం రాసినప్పుడు సాధారణంగా తల్లి పుట్టింటి ఇంటిపేరూ రాశారు. పక్కన ఇద్దరు గవాహ్‌ల పేర్లు ఉంటాయి. వాళ్ళు ఎక్కువగా మామలో, అత్తలో, పిన్నమ్మలో. మన నికానామాలో వకీల్, గవాహ్‌ల పేర్లు చూసి ఏ ఇల్లు ఏ ఇంటికి చుట్టమో చెప్పగలిగినట్టే, తెలివైనవాళ్ళు ఆ గవాహ్‌లను పట్టుకుని మొత్తం ఖాందాన్‌ను అల్లుకుంటూ పోతారు.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

పేరు కలిసింది కదాని షజరాలో ఎక్కించేస్తే ఏమవుతుందో ఆనీ మూర్ కథ చెప్తుంది. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రం తెరిచినప్పుడు అందులో మొదట అడుగుపెట్టింది కార్క్ నుంచి ఇద్దరు తమ్ముళ్ళతో వచ్చిన ఈ అమ్మాయి. ఆమె తర్వాత టెక్సాస్ వెళ్ళి అక్కడే 1923లో చనిపోయిందని ఏళ్ళ తరబడి అందరూ నమ్మారు. టెక్సాస్ కుటుంబాన్ని వేడుకలకు కూడా పిలిచారు. మెగన్ స్మోలెన్యాక్ అనే పరిశోధకురాలు జనగణన కాగితాలు తిరగేస్తే, టెక్సాస్ ఆనీ మూర్ పుట్టింది అమెరికాలోని ఇల్లినాయ్‌లో! మరి అసలు ఆనీ ఏమైంది? 2006లో జవాబు దొరికింది. ఆమె న్యూయార్క్ దాటి పోనేలేదు. బీదల బస్తీలో కాపురం చేసింది, ఎందరో పిల్లలను కని కొందరిని చిన్నతనంలోనే పోగొట్టుకుంది, 1924లో కన్నుమూసింది. ఆమె ఖబర్ మీద పేరున్న రాయి కూడా లేదు. 2008లో ఐర్లాండ్ రాయితో ఆమెకు ఒక కతబా నిలబెట్టారు.

ఒక రివాయత్ వినగానే దాని సనద్ ఏమిటని అడగడం మన ఉలమా నేర్పిన ఆదాబ్. షజరాకూ అదే ఉసూల్. ఎవరు చెప్పారు? వాళ్ళు చూశారా, విన్నారా? రెండో గవాహీ ఉందా?

కరువులో ఉస్మానీ సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఐర్లాండ్‌కు వెయ్యి పౌండ్ల ఇమ్దాద్ పంపాడన్నది సనద్ ఉన్న మాట. ఐరిష్ ప్రముఖులు రాసిన షుక్రియా లేఖ ఇస్తాంబుల్ దఫ్తర్‌లో ఉంది. అందుకు కృతజ్ఞతగానే డ్రోహెడా పట్టణం తన చిహ్నంలో చాంద్ తారా పెట్టుకుందన్న మాట మాత్రం జయీఫ్. ఆ చిహ్నం కరువుకన్నా శతాబ్దాల ముందుది. వినడానికి మనకెంత ముద్దుగా ఉన్నా రెండో మాటను పక్కన పెట్టాల్సిందే. అలా చేస్తేనే మొదటి మాట ఇజ్జత్ నిలుస్తుంది.

కార్క్‌లో ఒక దీన్ ముహమ్మద్

ఐరిష్ షజరాల్లో మనవాళ్ళ పేర్లూ ఉన్నాయి. 1759లో పట్నాలో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్, కంపెనీ సైన్యంలో తనను వెంట ఉంచుకున్న కెప్టెన్ గాడ్‌ఫ్రే బేకర్‌తో 1784లో కార్క్ చేరాడు. 1786లో జేన్ డాలీ అనే ఐరిష్ అమ్మాయిని పెళ్ళాడాడు. 1794లో కార్క్‌లోనే తన సఫర్‌నామా అచ్చువేశాడు. ఒక హిందుస్తానీ ఇంగ్లీషులో రాసి అచ్చువేసిన మొదటి పుస్తకం అదే. ముందే డబ్బు కట్టిన 300 మందికి పైగా చందాదారుల పేర్లు అందులో ఉన్నాయి. కార్క్ పాత కుటుంబాలను వెతికేవాళ్ళకు అదీ ఒక దస్తావేజే.

1799 చివర్లో లక్నోకు చెందిన మీర్జా అబూ తాలిబ్ ఖాన్ కార్క్ వచ్చి దీన్ ముహమ్మద్‌ను కలిశాడు. ఆయన ఇల్లు, బీబీ, పిల్లల గురించి తన ఫార్సీ సఫర్‌నామాలో రాసుకున్నాడు. ఒక ఐరిష్ ఆడబిడ్డ సంసారానికి గవాహీ ఫార్సీ కితాబులో దొరకడం అంటే ఇదే. వాళ్ళ మనవడు ఫ్రెడరిక్ అక్బర్ ముహమ్మద్ లండన్ గైస్ ఆసుపత్రిలో డాక్టరై, రక్తపోటు మీద చేసిన పనితో వైద్య చరిత్రలో నిలిచాడు.

ఐరిష్ వాళ్ళ జాడ మన గడ్డ మీదా ఉంది. కార్క్ ప్రాంతానికి చెందిన పాదరీ డేనియల్ మర్ఫీ హైదరాబాద్ మొదటి బిషప్పుల్లో ఒకడు. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చి కట్టించింది ఆయనే. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పనిచేసిన ఐరిష్ సిపాయిల పెళ్ళిళ్ళు, మరణాలు మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి నకళ్ళలో చేరి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఐర్లాండ్‌లో జాడ తెగిన ఒక కొడుకు కథ సికింద్రాబాద్ ఖబరస్తాన్ రాయి మీద ముగిసి ఉండొచ్చు.

మన ఇంటి దస్తావేజులు

ఇంతా చదివాక మన ఇంటి వైపు ఒకసారి చూద్దాం. మన షజరాల్లో మగవాళ్ళ పేర్లే వరుసగా ఉంటాయి. నానీ వాళ్ళమ్మ పేరు ఏమిటని అడిగితే ఎన్ని ఇళ్ళల్లో జవాబు వస్తుంది? మన దగ్గరా ఖజానాలు తక్కువేం కావు. ఖాజీ దగ్గరి నికా సియాహాలు, పాత సేత్వార్లు, దర్గా ఇనాం కాగితాలు, ఖబరస్తాన్ కతబాలు ఉన్నాయి. తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబ్ కాలపు ఫార్సీ దస్తావేజులు కూడా ఉన్నాయి. వాటిని చదవగలిగిన ఫార్సీ, షికస్తా తెలిసిన కళ్ళు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నాయి.

ఐరిష్ అనుభవం నుంచి తీసుకోవాల్సిన నసీహత్‌లు నాకు తోచినవి కొన్ని చెప్తాను. తెలిసిన చోటు నుంచి వెనక్కి నడవండి. గొప్ప పూర్వీకుడిని ముందే ఎంచుకుని కిందికి దిగకండి. ప్రతి పేరు పక్కన ఎక్కడ దొరికిందో రాయండి. ఇంట్లో ఉన్న ప్రతి పాత కాగితానికీ ఫోటో తీసి కనీసం ఇద్దరు చుట్టాలకు పంపండి, ఎందుకంటే రేపు నకలే అసలు కావచ్చు. కూతుళ్ళ పేర్లు, కోడళ్ళ పుట్టిళ్ళు తప్పకుండా ఎక్కించండి. అన్నిటికన్నా ముందు ఈ జుమ్మా నాడు నానీ పక్కన కూర్చుని, ఏ వాన నాటికి ఎవరు పుట్టారో అడిగి రాసుకోండి. దఫ్తర్‌లో కాగితాలు ఇంకొన్నాళ్ళు ఉంటాయి. ఆమె యాది అంతవరకు ఆగదు.